మూడు సీసాలు, రెండు చెంబులు

మొన్న మా వీధిలో కొత్తగా ల్యాబు తెరిచిన అమ్మాయి, ఆమె దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు నన్ను చూడ్డానికి వచ్చారు. ముప్పై అయిదేళ్లు ఇదే పని చేసి రిటైరైన మనిషిని కదా, నా దగ్గర ఏవో రహస్యాలు ఉంటాయని వాళ్ల నమ్మకం. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదమ్మా?" అని అడిగారు. కలరా గురించి చెబుతానని ఎదురుచూసినట్టున్నారు. "ఎర్ర చేప" అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడకు కాస్త తేడా చేసిందని అనుకుని ఉంటారు. కాఫీ తాగి మర్యాదగా వెళ్లిపోయారు. వాళ్లతో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. చదివితే వాళ్లకే మంచిది.

అరవైల మొదట్లో నాకు ఇరవై రెండేళ్లు. మా నాన్న, వెంకటాచలం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. వారమంతా పిల్లలకు ఎక్కాలు చెప్పి, ఆదివారం గుడిలో హార్మోనియం వాయించేవాడు. నన్ను మద్రాసు పంపి ల్యాబు పని నేర్పించాడు. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని కావలికి తూర్పున, సముద్రపు గాలి తగిలే చోట, ఆడవాళ్లకూ పిల్లలకూ వైద్యం చేసే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ఇరవై మంచాలు, ఒక డాక్టరమ్మ, ఒక కాంపౌండరు, నలుగురు నర్సులు, ముగ్గురు ఆయాలు, ఊడ్చే మనిషి ఒకడు. ల్యాబు అంటే వరండా చివర ఒక గది. దానికి ఒక కిటికీ, కిటికీ కింద ఒక మైక్రోస్కోపు. ఆ మైక్రోస్కోపు ముట్టుకునే హక్కు ఆసుపత్రి మొత్తం మీద నాకూ డాక్టరమ్మకూ మాత్రమే ఉండేది. నా నడకలో ఆ గర్వం కనిపించేదని కాంపౌండరు గారు అందరితోనూ అనేవాడు. అబద్ధమేమీ కాదు.

ఆసుపత్రి హాలులో, రోగులు వరుసలో కూర్చునే బల్లల ఎదురుగా, ఒక అద్దాల తొట్టి ఉండేది. ఇనప చట్రంలో నాలుగు అద్దాలు బిగించి, సందుల్లో లప్పం పెట్టిన తొట్టి. పది బిందెల నీళ్లు పట్టేది. బిట్రగుంటలో రైలింజను నడిపే డ్రైవరు గారు ఒకాయన, తన భార్యకు మా దగ్గర పెద్ద ఆపరేషను జరిగి బతికి బయటపడిందని ఆ తొట్టి ఇచ్చాడు. అందులో వేయడానికి ఆరు ఎర్ర చేపల్ని మద్రాసు నుంచి కిరసనాయిలు డబ్బాలో, ఇంజను మీదే, తన కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాడట. డబ్బాను సబ్బుతో ఎన్నిసార్లు కడిగించాడో ఆయన భార్య వచ్చినప్పుడల్లా చెప్పేది. చేపలతో పాటు కాలవ నాచు, నాలుగు నత్తలు కూడా తొట్టిలో చేరాయి. సూది చూసి ఏడిచే పిల్లలు ఆ తొట్టి ముందు నిలబెడితే నోరు మూసేవాళ్లు. నేను వాళ్ల వేలు పొడిచి రక్తం తీసేది అక్కడే.

నేను చేరేనాటికి ఆ తొట్టికి ఏడాది నిండింది. చేపలు బలంగా, దుక్కల్లా ఉండేవి. ఊడ్చే మనిషి గుర్తొచ్చినప్పుడు బావిలోంచి బకెట్టుతో తోడి పోసేవాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఇప్పుడు అవ్వ గురించి చెప్పాలి. మా ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా కాన్పుల గదిలో పనిచేసిన ఆయా. ఆ చుట్టుపక్కల సగం మంది పిల్లల్ని మొదట ఎత్తుకున్నది ఆమే. నేను అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను ల్యాబమ్మా అనేది. ఆ ఏడాది ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, చేతులు సన్నగా వణకసాగాయి. వణికే చేతులకు పసిబిడ్డను ఇవ్వకూడదని డాక్టరమ్మే నిర్ణయించింది. ఆసుపత్రి కమిటీలో కోవూరు వైపు పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు. పని చెయ్యలేని మనిషిని ఇంటికి పంపమన్నాడు. అవ్వకు ఇల్లంటే ఒక గుడిసె, అందులో ఆమె ఒక్కతే. ఎవరూ లేరు. డాక్టరమ్మ వాదించింది. హాలూ ల్యాబు గదీ ఊడ్చి చూసుకుంటుంది, రోగులకు మంచినీళ్లు ఇస్తుంది, చేపల తొట్టి బాగోగులు చూస్తుంది అంది. "చేపలకు ఆయానా!" అని ఆ పెద్దమనిషి నవ్వాడు. చివరికి నెలన్నర చూద్దాం, ఆ తర్వాత వచ్చే సోమవారం తనే వచ్చి తేలుస్తానన్నాడు. హాలూ తొట్టీ శుభ్రంగా ఉంటే సరి, లేకపోతే లేదు.

అవ్వ ఆ తొట్టిని కాన్పుల గదిలో బిడ్డను అందుకున్నట్టే అందుకుంది. ఊడ్చే మనిషిని దగ్గరికి రానివ్వలేదు. అద్దాలు లోపలా బయటా తుడిచేది. రోజూ పొద్దున ఒక బిందెడు పాత నీళ్లు తీసి, ఒక బిందెడు కొత్త నీళ్లు పోసేది. రోగులు ఇడ్లీ ముక్కలూ బొరుగులూ వేస్తుంటే మాత్రం పాపం చేపలు ఆకలిగా ఉన్నాయని వేయనిచ్చేది. ఒక్కో చేపకు ఒక్కో పేరు పెట్టుకుంది. అవి ఆమె చేతికి వచ్చి తినేవి.

నెల తిరక్కుండానే చేపలు జబ్బుపడ్డాయి.

మొదట రెక్కలు ఒంటికి ముడుచుకున్నాయి. తర్వాత నీళ్లపైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. ఎర్రటి ఒంటి మీద తెల్లగా, పలచటి గంజి పూసినట్టు జిగురు కమ్మింది. కాంపౌండరు గారు ముక్కుపొడుం పీల్చి, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, "ఉబ్బసం" అని తేల్చేశాడు. అవ్వ నా గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ల్యాబమ్మా, మనుషుల రోగాలన్నీ ఆ గొట్టంలో చూస్తావు గదా. నా బిడ్డల్ని గూడా ఒకసారి చూడు తల్లీ. అయ్యి పోతే నేను యాడికి పోయేది?"

అంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? చేపలు బతికితే అవ్వ ఉంటుంది. చేపలు పోతే అవ్వ పోతుంది.

నేను పొంగిపోయాను. ఆ మాట ఒప్పుకోవాలి. జాలి కన్నా ముందు నాకు కలిగింది పొంగు. ఒక చేపను తడిగుడ్డలో పట్టుకుని, ఒంటి మీద జిగురును గాజు పలకతో మెల్లగా గీసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. ఆఖరికి ఒక మూల గుండ్రటి జీవి ఒకటి గిరగిరా తిరుగుతూ కనిపించింది. "దొరికింది దొంగ!" అని గట్టిగా అరిచాను. వరండాలో ఉన్న రోగులు ఉలిక్కిపడ్డారు. అలాంటి జీవులు ఒకటీ అరా ఆరోగ్యంగా ఉన్న చేప మీద కూడా ఉంటాయని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నేను ఒక పురుగును పట్టుకున్నాను, అంతే. అవ్వను ఒక్క ప్రశ్న అడగలేదు. తొట్టి వైపు సరిగా చూడనైనా చూడలేదు.

డాక్టరమ్మ అల్మరాలో ఎవరో వదిలేసిపోయిన చేపల పెంపకం పుస్తకం ఒకటి ఉండేది. చేప ఒంటి మీద పురుగులకు మైలుతుత్తం కలిపిన నీళ్లు మంచి మందని అందులో రాసుంది. నీలంగా పటికలా ఉండే ఆ రాగి ఉప్పు మా మందుల గదిలో పెద్ద సీసాడు ఉంది. చీటీ రాసి కాంపౌండరు గారికి ఇచ్చాను.

"మనుషులకు రాసే చీటీలే నాకు సగం అర్థం కావు. చేపలకు గూడా రాస్తే ఎట్టమ్మాయ్?" అన్నాడు. తూకం మాత్రం గోరంత తేడా రాకుండా వేసి ఇచ్చాడు.

సాయంత్రం నేనే నా చేతులతో తొట్టిలో కలిపాను. అవ్వ పక్కన నిలబడి దండం పెట్టుకుంది. తెల్లవారి వచ్చేసరికి రెండు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

అవ్వ నన్ను తిడితే బాగుండేది. ఆ రెండింటినీ ఆకులో చుట్టి నందివర్ధనం చెట్టు కింద పూడ్చి, చేతులు కడుక్కుని, మళ్లీ తొట్టి దగ్గర కూర్చుంది. పొగరుకు ఇలా శాస్తి జరుగుతుందని మా నాన్న ఎన్నిసార్లు చెప్పాడో అన్నిసార్లూ గుర్తొచ్చింది. కమిటీ పెద్దమనిషి వచ్చే సోమవారానికి పది రోజులుంది.

అప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె తీరిగ్గా, "ఒక మనిషికి జ్వరం వస్తే ముందు నువ్వు చేసేదేమిటి?" అని అడిగింది.

"రక్తం చూస్తానండీ."

"నేనైతే ముందు ఆమె పక్కన కూర్చుని, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు, ఏం తాగావు అని అడుగుతాను. వెళ్లి తొట్టి పక్కన కూర్చో."

వెళ్లి కూర్చున్నాను. చేరినప్పటి నుంచి ఆ తొట్టి ముందు వందసార్లు నిలబడి ఉంటాను, కూర్చోవడం అదే మొదలు. నాచు అంచులు గోధుమరంగుకు మారిపోయి ఉన్నాయి. ఇసుక మీద నత్తలు లేవు, ఖాళీ గుల్లలున్నాయి.

"అవ్వా, నత్తలెప్పుడు చచ్చినాయి?"

"అయ్యెప్పుడో పోయినాయమ్మా. నేను ఈ పనిలోకొచ్చిన వారం పదిరోజులకే. పీడా పోయిందిలే అనుకున్నా."

చేపల కంటే ముందు నత్తలు పోయాయంటే, నేను పట్టుకున్న దొంగకు ఈ దొంగతనంతో సంబంధం లేదు. చేప ఒంటి మీద పురుగు నత్తను చంపదు. తొట్టిలో అన్నీ పీల్చేదీ తాగేదీ ఒకటే, నీళ్లు. ఏడాది పాటు ఊడ్చే మనిషి పోసిందీ అదే బావి నీళ్లే. మరి ఇప్పుడు తేడా ఎక్కడుంది? ఈ ఆలోచనలో ఉండగానే అవ్వ లేచి, "నీళ్లు పోసే టయమైంది, జరుగమ్మా" అని తన బిందె తెచ్చింది.

రాగి బిందె. అవ్వకు తల్లి ఇచ్చింది. రోజూ చింతపండూ ఉప్పూ వేసి తోమి, అద్దంలా మెరిపించేది. సాయంత్రం బావి నీళ్లు పట్టి, మూతపెట్టి, పొద్దున దాకా ఉంచి తొట్టిలో పోసేది. రాగి పాత్రలో రాత్రంతా నిలవున్న నీళ్లు ఒంటికి మంచివని మన ఇళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. మా అమ్మా చెప్పేది, నేనూ అలాగే తాగేదాన్ని. తన చేపలకు అంతకన్నా మంచి నీళ్లు ఎవరిస్తారు? రోజూ పొద్దున ఆ బిందె నా కళ్ల ముందు నుంచే పోయేది. ఎంత బాగా తోమిందో అనుకునేదాన్ని.

కాంపౌండరు గారి మందుల గదిలోని నీలం సీసా గుర్తొచ్చింది. అందులో ఉన్నదీ రాగే. అవ్వ నెల రోజులుగా చిటికెడు చిటికెడు పోస్తున్నదాన్నే నేను ఒక్క సాయంత్రం గుప్పెడు పోశాను.

కానీ అనుమానాన్ని రిపోర్టుగా రాయకూడదు. ఆపాటి బుద్ధి అప్పటికి వచ్చింది. ల్యాబు కిటికీలో మూడు గాజు సీసాలు పెట్టాను. ఒకదాంట్లో బావి నీళ్లు, ఒకదాంట్లో తొట్టి నీళ్లు, ఒకదాంట్లో అవ్వ బిందె నీళ్లు. ఆ మూడోది తాగడానికి కావాలని అబద్ధం చెప్పి తీసుకున్నాను. కాలవలోంచి మూడు నత్తలు తెప్పించి ఒక్కోదాంట్లో ఒక్కోటి వేశాను. మర్నాటికి బావి నీళ్ల నత్త గాజు మీద పాకుతోంది. తొట్టి నీళ్లది చచ్చిపోయింది, అది నా మైలుతుత్తం పనే కావచ్చు. కానీ బిందె నీళ్లదీ చచ్చిపోయింది. ఇంకోసారి చేశాను. అదే ఫలితం.

మిగిలిన నాలుగు చేపల్నీ అప్పటికే మట్టి గోలెంలోకి, బావి నీళ్లలోకి మార్చాం. తొట్టి ఖాళీ చేసి, ఇసుక తీసి ఎన్నోసార్లు కడిగి ఎండబెట్టాం. కొత్త నాచు తెచ్చాం. బొరుగులూ ఇడ్లీ ముక్కలూ ఆపించాం. వారానికొకసారి మూడోవంతు నీళ్లు మాత్రమే మార్చాలని నియమం పెట్టాను. ముందు నత్తల్ని వదిలి, అవి మూడు రోజులు హాయిగా పాకాక గానీ చేపల్ని వదలలేదు. నాకు ఉన్న మీటర్లు ఆ నత్తలే. వాటికి ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు గానీ నాకన్నా నయంగా పనిచేశాయి.

బిందె సంగతి అవ్వకు ఎలా చెప్పాలి? నీ ప్రేమే వాటికి విషమైందని ఆ మనిషితో నేను అనలేకపోయాను.

"అవ్వా, నీకు మోకాళ్ల నొప్పులు గదా, బిందె మోయబాకు. మూడు మట్టి కుండలు తెచ్చి హాలులోనే పెట్టుకుందాం. నీళ్లు వాటిల్లోనే నిలవుంచి పోద్దాం" అన్నాను.

అవ్వ నా వైపు ఒక్క క్షణం చూసింది. "అట్టనే" అంది. మర్నాటి నుంచి బిందె ఆసుపత్రికి రాలేదు.

సోమవారం పొద్దున్నే కమిటీ పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. హాలంతా కలయజూసి నేరుగా తొట్టి దగ్గరికే నడిచాడు. డాక్టరమ్మ, కాంపౌండరు గారు, నేను వెనకే ఉన్నాం. అవ్వ స్తంభం పక్కన చీర కొంగు పిడికిట్లో బిగించి నిలబడింది.

"ఆరుండాల్సినయ్యి నాలుగే ఉండాయే?" అన్నాడాయన.

అవ్వ ఒక అడుగు ముందుకు వేయబోయింది.

"రెండిట్ని నేను చంపినానండీ" అన్నాను.

"నువ్వా?"

"జబ్బేందో సరిగ్గా తెలుసుకోకుండా తొట్టిలో మైలుతుత్తం కలిపినానండీ."

ఆయన గొడుగు నేలకు ఆనించి నన్ను ఎగాదిగా చూశాడు. "తమలపాకు తోటకు తెగులొస్తే కొట్టేదా?"

"అదేనండీ."

"ఓరి దేవుడా! మా తోటలో నీళ్లు పోయి కాలవలో పడితే ఒక్క నత్త మిగల్దు. దాన్ని చేపలకు తాపినావా! నన్నడిగుంటే చెప్పేవాణ్ణి గదమ్మాయ్."

పెద్దగా నవ్వాడు. కాంపౌండరు గారు కూడా, ఎప్పుడు అవకాశం వస్తుందా అని చూస్తున్నవాడిలా, నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. కానీ ఆ నవ్వు ఆగగానే ఆయన నేను భయపడుతున్న ప్రశ్న వేశాడు.

"అది సరే, అంతకుముందు జబ్బెందుకు చేసినట్టు?"

డాక్టరమ్మ అందుకుంది. "నీళ్లు సరిపడలేదండీ. ఇప్పుడు మార్చాం. కుండల్లో నిలవుంచి పోస్తున్నాం. కుండలు నింపేదీ, కడిగేదీ, తొట్టి చూసేదీ అంతా ఆయమ్మే."

ఆయన తొట్టి వైపు వంగాడు. చేపలు, మనిషి నీడ పడగానే మేత వచ్చిందనుకుని, నాలుగూ అద్దం దగ్గరికి వచ్చేశాయి. ఆయన మొహం వాటికి నచ్చలేదేమో, తిరిగి అవ్వ ఉన్న వైపు అద్దానికి వెళ్లి బారుగా నిలబడ్డాయి. ఆయన అవ్వను చూశాడు, చేపల్ని చూశాడు.

"సరే, ఆమెను ఉండనీండి. తప్పు ఆమెది గాదు గదా" అన్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఈ అమ్మాయిని మాత్రం ఇంకో ఆర్నెల్లు చూడండి డాక్టరమ్మా" అన్నాడు.

అలా నా ఉద్యోగం పర్మనెంటు కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆ ఆరు నెలలూ నేను ఏ రిపోర్టు ఇచ్చినా కాంపౌండరు గారు, "మైలుతుత్తం అక్కర్లేదు గదా?" అని అడిగేవాడు. డాక్టరమ్మ మాత్రం ఒకసారి నా నోటుపుస్తకం తిరగేస్తూ, మూడు సీసాల పేజీ దగ్గర ఆగి, "ఇందులో రాసింది మన ఇద్దరి మధ్యే ఉండనీ" అంది. బిట్రగుంట డ్రైవరు గారికి చేపల లెక్క ఎవరు చెప్పారో తెలీదు, మళ్లీ మద్రాసు వెళ్లినప్పుడు డబ్బాలో ఇంకో రెండు తెచ్చాడు. అవ్వ వాటికి పాత పేర్లే పెట్టింది.

రెండేళ్ల తర్వాత నాకు నెల్లూరులో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. బయల్దేరే రోజు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, అవ్వ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. చంకలో రాగి బిందె. చింతపండుతో తోమినట్టుంది, ఎండకు కళ్లు చెదిరాయి.

"ఇది నువ్వు తీసుకుపో" అని నా చేతికి ఇచ్చింది.

"నాకెందుకవ్వా? మీ అమ్మ ఇచ్చింది గదా."

"మా అమ్మిచ్చింది కాబట్టే ఇస్తా ఉండా. చేపలకు పడలా గానీ మనుషులకు మంచిదే. నువ్వు తాగు."

"చేపలకు పడలేదని నీకెట్ట తెలుసవ్వా?" అని అడిగాను. ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది.

"నీ గది ఊడ్చేది ఎవురనుకున్నావు? కిటికీలో నువ్వు మూడు సీసాలు పెట్టినావు. ఎందుకబ్బా అని నేను గూడా మా ఇంట్లో రెండు చెంబులు పెట్టినా. ఒకటి రాగిది, ఒకటి మట్టిది. రెండిట్లో రెండు నత్తల్ని ఏసినా. తెల్లారి చూసుకుంటే నాకు అర్థమైపోయింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంది అవ్వా?"

"నువ్వు నా కోసరం దాచుకుంటివి. నాకు తెలుసని చెప్తే నీ మనసు చిన్నబోదా? అందుకని నేను గూడా దాచుకున్నా."

బస్సు వచ్చింది. ఆమె పాదాలకు దండం పెట్టబోతే వద్దని భుజం పట్టి ఎక్కించింది. నెల్లూరు దాకా బిందెను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ, నవ్వుకుంటూ వచ్చాను. పక్క సీటాయన లేచి వేరే సీటుకు వెళ్లిపోయాడు.

ఆ బిందె ఇప్పటికీ నా వంటింట్లో ఉంది. మొన్న ఆ పిల్లలు ముగ్గురూ మంచినీళ్లు తాగింది అందులోవే. ముప్పై అయిదేళ్లలో నేను వేల రిపోర్టులు రాశాను. అందరూ వాటిని నమ్మి తీసుకుపోయినవాళ్లే. సరైందో కాదో తన ఇంట్లో తానే పరీక్ష చేసి చూసుకుని, ఒప్పుకున్న మనిషి అవ్వ ఒక్కతే.